ముప్పయ్యో ఇంటి సంచి

ఆ ఉదయం ఆకాశం మేడల మీదికి దిగి కూచుంది. మంచు అందామంటే చలి లేదు, మబ్బు అందామంటే వాన వాసన లేదు. సున్నపుతేట లాంటి తెలుపు. హఫీజ్‌పేట్ స్టేషన్ పైవంతెన మీద నిలబడి చూస్తే హైటెక్ సిటీ వైపు అద్దాల భవనాలకు నడుం దాకానే ఒళ్ళు కనబడుతోంది. ఆ పైన ఏమీ లేదు. ఆ లేనిచోట ఎక్కడో ఒక ఎర్రదీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఓబులేసు కాసేపు దాన్నే చూసి, భుజాన సంచుల కట్ట సర్దుకుని, ప్రగతి నగర్ పోయే ఆటో ఎక్కాడు.

అతని పని ఇళ్ళకు పోవడం. ఒక సర్వే కంపెనీ అతనికి ముప్పై ఇళ్ళు ఇచ్చింది. నెల మొదట్లో ఇంటివాళ్ళను కూచోబెట్టి, ఇంట్లో ఎంతమంది, ఎవరికేం ఇష్టం, ఏమేం కొంటారు అని అడిగి కాగితం నింపాలి. ఆ కాగితాన్ని ఆఫీసులో ‘చెప్పింది’ అంటారు. తర్వాత వారం పాటు ఇంట్లో ఖాళీ అయిన ప్రతి ప్యాకెట్టూ, సీసా, మాత్రల అట్టా కంపెనీ ఇచ్చిన పచ్చసంచిలో వెయ్యమని చెప్పి, వారం చివర ఆ సంచి మూతి కట్టి తేవాలి. అది ‘కొన్నది’. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం ఆఫీసు పని. సబ్బుల కంపెనీలకూ బిస్కెట్ల కంపెనీలకూ ఆ రెంటి మధ్య తేడా కావాలి.

సంచిని ఆఫీసులో తప్ప ఎక్కడా విప్పకూడదని నియమం. ఓబులేసు ఎప్పుడూ విప్పలేదు. విప్పవలసిన పని కూడా అతనికి పడదు. భుజానికెత్తుకుంటే చప్పుడే చెబుతుంది. చిప్స్ కవరు గలగల వేరు, మిఠాయి డబ్బా అట్ట డొక్కు చప్పుడు వేరు, మాత్రల అట్ట టిక్కుమనేది వేరు. నాలుగు మెట్లు దిగేసరికి ఆ ఇంట్లో ఎవరు నిద్రపోవడం లేదో, ఎవరు ఎవరికి తెలియకుండా తింటున్నారో అతనికి తెలిసిపోయేది. ఎవరితోనూ అనేవాడు కాదు.

ప్రగతి నగర్ చెరువు పక్క అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు రత్నమాలగారిది. ఆమె, భర్త రామబ్రహ్మంగారు, ఇద్దరే ఉంటారు. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు.

“రండి బాబూ, కూర్చోండి. మజ్జిగ ఇవ్వనా?”

“వద్దమ్మా. సంచి తీసుకపోదామని వచ్చినా.”

ఆమె సంచి తేలేదు. ఎదురుగా సోఫా అంచు మీద కూచుని చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, “మొన్న మీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసిందండీ,” అంది. “పంచదార మానేశామని రాయించారు, పోయిన నెల సంచిలో బర్ఫీ డబ్బాలు మూడొచ్చాయి, ఏది రాసుకోమంటారు అని అడిగింది. నాకు తలకొట్టేసినట్టయిందండీ.”

పేపరు వెనకనుంచి రామబ్రహ్మంగారు, “మూడు కాదు, నాలుగు. నాలుగోది కింద బుట్టలో నేనే పారేశాను,” అన్నారు.

“మీరు ఊరుకోండీ!” ఆమె అటు కసిరి ఇటు తిరిగింది. గొంతు తగ్గింది. “నేను మీకు అబద్ధం చెప్పలేదు బాబూ. కొర్రలు, అండుకొర్రలు అన్నాను. నేను తినేవి అవే. తీపి మానేసి రెండేళ్ళయింది. మానేసిన మనిషిని నేను. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు ఫ్రిజ్ తలుపు చప్పుడవుతుంది చూడండి, ఆ తలుపు తీసేది ఎవరో నాకు తెలీదండీ. చెయ్యి నాదే. మనిషిని నేను కాదు.”

ఆ మాటకు పేపరు కదలడం ఆగింది. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఊరుకుంది. ముగ్గురూ అటు చూశారు.

“మా చెత్త మాకే చదివి వినిపిస్తారా?” అని రత్నమాలగారు లేచి, మడత విప్పని పచ్చసంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది. “మా ఇల్లు తీసేయండి మీ లిస్టులోంచి. ఏమీ అనుకోకండి.”

ఖాళీసంచి చప్పుడు చెయ్యలేదు. అతను మెట్లు దిగి చెరువుగట్టున నిలబడ్డాడు. అది ముప్పయ్యో ఇల్లు.

*

ఆఫీసు మాదాపూర్‌లో ఏడో అంతస్తు. మనుషులెక్కే లిఫ్టులో సంచులు తేకూడదు, సామాను లిఫ్టులో రావాలి. సంచులు విప్పే గదికి కిటికీ లేదు. నడుమ తెల్ల బల్ల, పైన తెల్ల దీపాలు, గోడకు పెద్ద తెర. ఆ గదిలో పనిచేసే ఆమని చేతికి తొడుగులు వేసుకుని ఒక్కొక్క ఖాళీ ప్యాకెట్టూ తీసి, బార్‌కోడు మీద ఎర్రకాంతి పడేసి బీప్ అనిపించి, బల్ల మీద వరసగా పేర్చేది. పక్కన సంచి తెచ్చినవాడు సాక్షిగా నిలబడాలి.

తెర మీద ఇంటికొక గది వస్తుంది. అందులో ‘చెప్పింది’ కాగితంలో ఎంతమంది ఉంటే అంతమంది నిలబడి ఉంటారు, ముఖాలు లేకుండా, ఉత్త గీతలతో. బీప్ అన్నప్పుడల్లా పాదాల నుంచి పైకి రంగెక్కుతుంది. తినేవాళ్ళకు తల దాకా ఎక్కుతుంది. ఒంటరిగా ఉంటానని రాయించిన కొండాపూర్ అబ్బాయి గదిలో, సంచి సగమయ్యేసరికి మూల ఇంకొక మనిషి గీత దానంతటదే లేచి నిలబడింది. చెప్పని వాళ్ళు అట్లా వస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఓబులేసు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమని నవ్వింది.

“దయ్యం గాదు తియ్, ఓబులేసన్నా. షాంపూ లెక్క, సబ్బు లెక్క చూసుకొని సిస్టమే గీస్తది.”

ఆ గురువారం ఇరవై తొమ్మిది సంచులూ బల్లకింద వరసగా పెట్టి, ముప్పయ్యో చోట ఖాళీ వదిలి నిలబడ్డాడు. మేనేజర్ మధుసూదన్ తలుపు దగ్గరే ఆగాడు. లోపలికి ఎప్పుడూ రాడు, వాసన పడదు.

“ఓబులేసు గారూ, ముప్పై అంటే ముప్పై. శనివారం ట్వెల్వ్‌కి క్లోజింగ్. ఒక్కిల్లు తగ్గినా ఏరియా మొత్తం యాప్‌కి వెళ్ళిపోతుంది, మీ పని ఉండదు. పై నుంచి ఆర్డర్. తర్వాత నన్నడిగి లాభం లేదు.”

“ఇంటివాళ్ళే వద్దంటిరి సార్. ఆఫీసు ఫోన్ వల్లనే.”

“ఇల్లు పోయినా, ఇంటివాళ్ళు అబద్ధం చెప్పినా, రెండూ ఫీల్డ్ ఎర్రరే కదండీ. సిస్టమ్‌లో ఇంకో కాలమ్ లేదు.”

అతను పోయాక ఆమని తొడుగులు తీసి వేళ్ళు విరుచుకుంది. “మియాపూర్ ఏరియా చూసిన చెన్నకేశవులన్నకు గిట్లనే అయింది. ఆడ ఒక ఇల్లు ఏం జెప్పిందో ఏం కొన్నదో, అన్న నౌకరి పోయింది. ఫికర్ చెయ్యకు. రేపొక్క రోజుంది. కొత్తగూడల వారం చెత్త పారెయ్యని ఇల్లేమన్న దొరుకుతదేమో చూడు.”

శుక్రవారం పొద్దున్నించి కొత్తగూడలో తిరిగాడు. మొదటి గేటు దగ్గర కాపలావాడు ఫోన్ చూపించి, ఫ్లాటువాళ్ళు ఇందులో ఒప్పుకుంటేనే లోపలికి అన్నాడు. రెండో గేటు దగ్గరా అదే. మూడోచోట ఒకామె తలుపు గొలుసు తియ్యకుండానే ఆలకించి, “వారం చెత్త ఎవరు దాచుకుంటారయ్యా ఇంట్లో?” అంది. తలుపు పడింది.

ఫ్లైఓవర్ కింద నీడలో నిలబడి ఓబులేసు ఆ మాటే మళ్ళీ అనుకున్నాడు. వారం చెత్త ఎవరు దాచుకుంటారు. ఈశ్వరమ్మ దాచుకుంటుంది. తడి చెత్త రోజూ ఆటోకు వేసినా, పొడి చెత్త మాత్రం తలుపు వెనక చీలకు తగిలించిన సంచిలో వేసి, ఆదివారం పొద్దున ఏరుకునే ముసలామెకు చేతికిస్తుంది. రేపటికి ఆ సంచి నిండుతుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. హఫీజ్‌పేట్ పట్టాల పక్క మేడ మీద రెండు గదులు. ఈశ్వరమ్మ ఇంకా రాలేదు. కొత్తగూడలో ఆడపిల్లల హాస్టల్లో వంట ఆమెది. తెల్లవారి ఐదుకు పోతే మూడింటికి వస్తుంది.

చాప మీద కూచుని కొత్త కాగితం తీశాడు. ఇంటిపెద్ద పేరు దగ్గర పెద్దన్న అని తన అన్న పేరు రాశాడు. ఫోన్ నంబరు తన రెండో నంబరు. ఆ రెండే అబద్ధాలు. మిగిలిందంతా ఉన్నదున్నట్టు రాయాలని కూచున్నాడు. నాలుగేళ్ళుగా వందల కాగితాలు నింపాడు. ప్రతి కాగితంలోనూ ఎవరో ఒకరు కొర్రలు తిన్నామని రాయించినవాళ్ళే. ఈ ఒక్క కాగితంలో ‘చెప్పింది’కీ ‘కొన్నది’కీ వెంట్రుక తేడా ఉండదని అతనికి ధైర్యం. ఆ ధైర్యంతో అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

ఇంట్లో ఎంతమంది: ఇద్దరు. ముఖ్యమైన తిండి: రాగిసంగటి, అన్నం. కారం: ఎక్కువ, ఇద్దరూ. ఇంటావిడకు ఇష్టమైనది: చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, అది లేకుంటే ముద్ద ముట్టదు. బిస్కెట్లు: కొనరు. పాలు: కాఫీకి, రోజుకు పావులీటరు. మందులు: ఏమీ వాడరు.

రాసి ఒకసారి చదువుకున్నాడు. ఒక్క మాటయినా మార్చవలసింది కనబడలేదు.

మూడు దాటాక ఈశ్వరమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, కాసేపు గోడకానుకుని కళ్ళు మూసుకుంది. సాయంత్రం దీపాలవేళకు సంగటి కెలికింది. అతనికి పళ్ళెంలో ముద్ద వేసి, నడుమ గుంటచేసి నెయ్యి వేసి, ఊరిబిండి పక్కన పెట్టింది. వడ్డించడానికి చెయ్యెత్తినప్పుడు గాజులు జారి మోచేతి దాకా పోయాయి. గాజులు వదులైనవి వేయించుకుందేమో అనుకున్నాడు.

“నువ్వు తింటివా?”

“తిన్యా. పిల్లోళ్ళకు ఈపొద్దు పులగం జేసింటి. ఆడ్నే తినొచ్చినా.”

“సరే.”

“ఏమయ్యా, ఆ ప్రగతి నగర్ ఆవిడ మీ లిస్టు ఇడిచిపెట్టిందంటివే. పనికేం కాదు గదా?”

“వేరే ఇల్లు దొరికింది.”

“యాడ?”

“దగ్గర్లోనే.”

ఆమె అవతల గదిలోకి పోయింది. నీళ్ళ చప్పుడు వినబడింది. గొంతు సవరించుకున్న చప్పుడు, మళ్ళీ నీళ్ళ చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ గదిలో ఎవరూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. ఓబులేసు ముద్ద చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. పట్టాల మీద బండి పోయింది. మళ్ళీ తిన్నాడు.

*

శనివారం ఆమె ఐదింటికే పోయింది. ఏడింటికి అతను తలుపు వెనక చీల నుంచి సంచి దించాడు. ఈశ్వరమ్మ మూతి ముడేసి పెట్టింది. ఆ ముడి విప్పలేదు. ఉన్న సంచిని ఉన్నట్టే పచ్చసంచిలో దించి, పైన ఆఫీసు సీలు బిగించాడు. తన ఇల్లయినా నియమం నియమమే అనుకున్నాడు.

భుజానికెత్తుకుని మెట్లు దిగుతుంటే చప్పుడు వినబడింది. టిక్కు, టిక్కు. మెత్తటి పలచటి కవర్ల గుసగుస. అతని అడుగు తప్పింది. ఇది ఎవరింటి చప్పుడు? కిందింటివాళ్ళ సంచి గానీ వచ్చిందా అని మెట్ల మీదే నిలబడి సంచి ఒకసారి కదిపాడు. మళ్ళీ అదే. స్టేషన్ దాకా భుజం మార్చలేదు. బండిలో ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద వేసి కూచున్నాడు, కదలకుండా.

ఆమని పదకొండింటికి ముప్పయ్యో సంచి సీలు కోసింది. తెర మీద గది వచ్చింది. ఇద్దరు మనుషులు, ఉత్త గీతలు.

లోపలి ముడి విప్పి ఆమె బల్ల మీద బోర్లించింది. ప్యాకెట్లు కాదు, చిన్న చిన్న ముళ్ళు రాలాయి. ఒక్కొక్క ఖాళీ కవరునూ నిలువునా నాలుగు మడతలు పెట్టి, నడుమ ముడి వేసి ఉంది.

“ఎంత పొందిగ్గ పెట్టిందే ఈమె!” అని ఆమని ఒకటి విప్పింది. “గ్లూకోజ్ బిస్కెట్. ఐదు రూపాయలది.” బీప్. ఇంకొకటి విప్పింది. అదే. బీప్. ఇంకొకటి.

ఓబులేసు ఆ ముళ్ళనే చూస్తున్నాడు. మధ్యాహ్నాలు ఈశ్వరమ్మ గోడకానుకుని కూచుంటే, ఆ వేళ్ళు ఏదో ముడివేస్తూ ఉండేవి. చోటు కలిసొస్తుందని వేస్తుందనుకున్నాడు. ముడి వేస్తే పేరు లోపలికి పోతుంది. పైకి వట్టి వెండి రంగే కనబడుతుంది.

“పంతొమ్మిది బిస్కెట్లు,” అంది ఆమని. “అరలీటరు పాలు, పద్నాలుగు. ఓఆర్ఎస్ ఎనిమిది. గ్యాస్ మాత్రలు నాలుగు అట్టలు. గొంతు మంటకు తాగే మందు, రెండు సీసలు. కారంపొడి ఒకటి. బీడీకట్టలు మూడు. షేవింగ్ బ్లేడ్...”

తెర మీద ఒక మనిషికి రంగు తల దాకా ఎక్కింది. రెండో మనిషికి పాదాల దగ్గర కొంచెం తెల్లటిది చేరి అక్కడే నిలిచిపోయింది. చివరి సీసా బీప్ అన్నాక తెర కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగింది. తర్వాత ఆ రెండో మనిషి గీత తెగి చుక్కలైంది. చుక్కల మధ్య నుంచి వెనక గోడ కనబడుతోంది.

ఆమని స్కానర్ పక్కన పెట్టింది.

“గీ ఇంట్ల ఇద్దరు తింటలేరన్నా. ఒక్కలే తింటున్రు.” ఆమె కాగితం వైపు చూసింది. “బిస్కెట్లు కొనరు అని రాయించిన్రు. మందులు ఏం లేవట. ఊరిబిండి లేకుంటే ముద్ద ముట్టదట.” ఒక కవరు మడత మీద వేలితో నిమిరింది. “మా నానమ్మ గిట్లనే జేసింది. పాలల్ల బిస్కెట్ నానేసుకొని తాగేది. ముద్ద దిగకపోయేది గొంతుల. ఎవ్వలకు జెప్పలే. మేం చూసుకునే వరకు...” ఆమె కవరు బల్ల మీద పెట్టింది. “తేడా డెబ్బై శాతం దాటింది. మధు సార్ చూస్తే బోగస్ ఇల్లంటడు.”

గదిలో దీపాలు సన్నగా మోగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ మోత ఓబులేసుకు వినబడలేదు.

ఆమని తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “జర ఇను. నీకొక్కటి జెప్త. కాగితంల ఇద్దరు అని ఉంది గదా. దాన్ని ఒకరు చెయ్. గంతే. ఆ రెండో గీత పోతది. ఒంటి మనిషి ఇల్లయితది. ఒక్కడున్న ఇంట్ల బిస్కెట్లు, పాలు మామూలే. తేడా తగ్గుతది, ముప్పై ఇండ్లు పూర్తయితయి. నీ ఏరియా నీకుంటది. ఇంటోళ్ళకు ఏం తెలుస్తది?”

కాగితం, పెన్ను అతని ముందుకు జరిపింది.

మంచిపిల్ల. మేలు చేద్దామనే చెప్పింది. చేసేది ఒక్క గీత. ఓబులేసు పెన్ను తీసుకున్నాడు. ఇంట్లో ఎంతమంది అన్న చోట నిన్న తను గుండ్రంగా రాసిన ‘ఇద్దరు’ ఉంది. పెన్ను మొన దానిమీద ఆనింది. కాగితం మీద సిరాచుక్క కొంచెం పెద్దదైంది. తెర మీద చుక్కల మనిషి ముఖం లేకుండా అతని వైపే నిలబడి ఉంది.

కొట్టేస్తే పోతుంది. నొప్పి లేదు, చప్పుడు లేదు. సోమవారం నుంచి మళ్ళీ ముప్పై ఇళ్ళు.

అతను పెన్ను మూత పెట్టాడు. మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ పెట్టాడు.

“ఇది మా ఇల్లు, ఆమనీ.”

“ఏంది?”

“మా ఇల్లే. పెద్దన్న మా అన్న పేరు. ఉండేది నేను, మా ఇంటామె. ఇద్దరం ఉండాము.”

ఆమని నెమ్మదిగా తొడుగులు తీసింది. విప్పిన కవర్లను ఒక్కొక్కటే తీసుకుని, ఎట్లా ఉన్నవాటిని అట్లా మడిచి, ముడి వెయ్యడం మొదలుపెట్టింది. ఆమెకు ఆ ముడి రాలేదు.

“వదినె ఏం చెప్పలేదా అన్నా?”

“దినామూ అడుగుతాంటి. తిన్యానంటాండె.”

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా మధుసూదన్ తలుపు దగ్గరికొచ్చాడు. సంగతి విన్నాడు. కోపం రాలేదు అతనికి. ఎన్నడూ లేనిది, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గదిలోకి వచ్చి తెర ముందు నిలబడ్డాడు.

“ఎంత క్లియర్‌గా ఉందండీ,” అన్నాడు. “చెప్పింది వంద శాతం కాన్ఫిడెన్స్‌తో చెప్పారు, సంచి ఇంకోటి చెప్పింది. ట్రైనింగ్‌లో చూపించదగ్గ కేసు ఇది.” తల అడ్డంగా ఊపాడు. “కానీ సొంతిల్లు కదా. ఉంచకూడదు. రూల్ మీకూ తెలుసు.”

“తెలుసు సార్.”

మధుసూదన్ ఒక బటన్ నొక్కాడు. తెర మీద గది ఉన్నపళాన ఖాళీ అయింది. రంగు మనిషి, చుక్కల మనిషి, ఇద్దరూ ఒకేసారి పోయారు. కొంచెంసేపు వట్టి గది నిలిచి, అదీ పోయింది.

ఓబులేసు మెడలోంచి గుర్తింపుకార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “ఆ సంచి నాకియ్యండి,” అన్నాడు.

“సంచి ఎందుకండీ? చెత్తే కదా.”

“మాది సార్.”

*

ఇల్లు చేరేసరికి ఒకటిన్నర. సంచి తలుపు వెనక చీలకు తగిలించబోయి, మానేసి చాప పక్కన పెట్టుకుని కూచున్నాడు. ఇల్లంతా చూశాడు. నాలుగేళ్ళుగా ఎవరెవరి వంటిళ్ళలోనో డబ్బాల మూతలు చూసి మనుషులను చెప్పిన కళ్ళవి. గూట్లో రెండు పళ్ళేలున్నాయి. ఒకటి అంచు అరిగి మెరుస్తోంది. రెండోదాని మీద దుమ్ము. దండెం మీద రవికె కుట్లు లోపలికి రెండువేళ్ళ మేర పట్టి కుట్టి ఉన్నాయి, చేత్తో, దగ్గర దగ్గరగా. పాలగిన్నె పక్కన చిన్న గ్లాసు, అడుగున నానిన బిస్కెట్ ముద్ద ఎండి అంటుకుని ఉంది. అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. ఏదీ దాచి లేదు.

మూడు దాటాక మెట్ల మీద ఆమె అడుగు వినబడింది. రెండు మెట్లకొకసారి ఆగుతోంది. అది కూడా ఎప్పటినుంచో ఉన్నదే కావచ్చు.

లోపలికొచ్చి, ఈ వేళప్పుడు ఇంట్లో ఉన్నందుకు అతన్ని చూసి ఆశ్చర్యపోయింది. తర్వాత ఆమె చూపు తలుపు వెనక్కి పోయింది. చీల ఖాళీగా ఉంది.

“సంచి ఏమాయ?”

“ఆఫీసుకు ఎత్తకపోయింటి. తెచ్చినా.”

ఆమె సంచినీ, దాని మీది తెగిన సీలునూ చూసింది. గడప మీద కూచుంది. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేశారు.

“ఎన్నాళ్ళాయ?” అన్నాడు.

“దీపావళి కాడ్నుంచి. మొదట్లో సంగటే దిగల్యా. అన్నం దిగుతాండె. ఇప్పుడు అదీ లేదు.”

“చెప్పకపోతివే.”

“నువ్వు అడగకనా?” ఆమె కొంచెం నవ్వింది. నవ్వినప్పుడు బుగ్గ లోపలికి పోయింది. “దినామూ అడుగుతాంటివి. తిన్యా అంటాంటి. సరే అంటాంటివి. ఊర్లో అందరి మాటలూ సంచులిప్పి చూసేటోడివి, నా మాట మాత్రం అట్లే నమ్ముతాంటివి. దానికే చెప్పబుద్ధి కాల్యా.”

అతను సంచి మీది తెగిన సీలు పీకేశాడు.

“భయమయ్యా,” అంది ఆమె. “నోటితో అంటే అది వచ్చినట్టే. అనకుంటే ఇంగా రాలేదు గదా అని. తిన్యా అని చెప్తాంటే ఒకోసారి నాకే తిన్నట్టు ఉంటాండె. నిజంగానే. కడుపు నిండినట్టు.”

“సోమారం పొద్దున్నే ఆసుపత్రికి పోదాము.”

“నీ పని?”

“లేదు.”

ఆమె అతని మెడ వైపు చూసింది. కార్డు లేదు. గడప మీది నుంచి లేవడానికి చెయ్యి ఆనించింది. అతను లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అది చెయ్యి బరువు కాదు. గాజుల బరువు ఎక్కువ.

“నువ్వు కూచో,” అన్నాడు.

పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాడు. రాగిపిండి చల్లనీళ్ళలో ఉండకట్టకుండా వేళ్ళతో కలిపాడు. మరిగే నీళ్ళలో పోసి గరిటెతో కెలుకుతూ నిలబడ్డాడు. ఆమె అడుగంటుతుందని చెప్పబోయి ఊరుకుంది. అంబలి చిక్కబడబోతే నీళ్ళు పోశాడు, మళ్ళీ చిక్కబడబోతే మళ్ళీ పోశాడు. దించి మజ్జిగ, ఉప్పు కలిపి, గుడ్డలో వడగట్టాడు. కారం తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెండు గిన్నెల్లో పోశాడు. రెండిట్లోనూ ఒకటే, ఒకే పలచన. చాప మీద ఎదురెదురుగా కూచున్నారు. సాయంత్రపు వెలుతురు గచ్చు మీద పడి ఉంది.

ఆమె గిన్నె ఎత్తి కొంచెం నోట్లో పోసుకుంది. కళ్ళు మూసుకుంది. మెడ నరాలు బిగిశాయి. అతను చూస్తూ ఉన్నాడు. అంతసేపు ఒక్క గుటక కోసం ఎవరైనా కాచుకుంటారని అతనికి తెలియదు. పట్టాల మీద బండి వచ్చి, పూర్తిగా వెళ్ళిపోయింది. అప్పుడు ఆమె గొంతు కదిలింది.

అతను తన గిన్నె ఎత్తి ఒక గుటక వేశాడు. దించి, ఆగాడు. ఆమె రెండోసారి గిన్నె ఎత్తింది. ఆ గుటక కూడా దిగేదాకా ఆగి, తన రెండోది తాగాడు.